బోన్సాయ్ చెట్టు కింద ఏం పెంచాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడ మీదకి వచ్చినవాళ్ళలో సగం మంది చెట్టుని చూడరు. చెట్టు కింద పచ్చగా పరుచుకున్నదేమిటని అడుగుతారు. మిగతా సగం మంది ఇంటికెళ్ళి ఏదో ఒకటి నాటి, రెండు నెలల తర్వాత ఫోను చేస్తారు. విజయవాడ ఎండలో పద్దెనిమిదేళ్ళుగా కుండీలు మోస్తున్న అనుభవంతో, పదే పదే వచ్చే సందేహాలన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## పెట్టే ముందు

అసలు చెట్టు కింద ఏదో ఒకటి పెంచాలా? మట్టి అలాగే వదిలేస్తే తప్పా?

తప్పేం లేదు. ఇంకా లోహపు తీగ చుట్టి, కొమ్మలు వంచి, ఆకారం తెస్తున్న చెట్టు కింద మట్టి ఖాళీగా ఉండటమే మంచిది. తడి ఆరిందో లేదో కంటికి కనిపిస్తుంది, కలుపు వెంటనే దొరుకుతుంది. కింది పచ్చదనం వల్ల ముఖ్యంగా ఒరిగేవి రెండే. నీళ్ళు పోసినప్పుడు మట్టి చెదిరి కుండీ అంచు దాటిపోదు. ఇక రెండోది కంటికి సంబంధించింది: అడుగు ఎత్తు చెట్టు కింద సన్నని నాచు ఉంటే అది పచ్చిక బయలులా, చెట్టు మహావృక్షంలా అనిపిస్తుంది. అదే చెట్టు కింద రూపాయి బిళ్ళంత ఆకులున్న మొక్క పెడితే చెట్టు కాస్తా కొమ్మ గుచ్చినట్టుంటుంది. కింది ఆకు పైచెట్టు ఆకు కన్నా బాగా చిన్నదిగా ఉండాలి.

కింద మొక్క ఉంటే చెట్టు తిండి లాగేసుకోదా?

నాచు లాగదు. దానికి నిజమైన వేళ్ళు ఉండవు, మట్టిని పట్టుకోవడానికి నూగు లాంటి పోగులుంటాయంతే. నీళ్ళు ఆకులతోనే తాగుతుంది. వేళ్ళున్న ప్రతి మొక్కా మాత్రం ఎంతో కొంత లాగుతుంది. నేలలో అయితే అది లెక్కలోకి రాదు. లోతు తక్కువ బోన్సాయ్ కుండీలో మట్టి మందం మూడు నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది. అందులో కింది మొక్క రెండు సెంటీమీటర్ల లోతుకి వేళ్ళు దించితే, చెట్టు ఇంట్లో సగం వాటా రాయించుకున్నట్టే.

నా చెట్టుకి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

ముందు చెట్టు దాహం చూడండి, అందం తర్వాత. రావి, మర్రి, జువ్వి, నర్సరీల్లో ఫైకస్ పేరుతో అమ్మేవన్నీ నీళ్ళు ఇష్టంగా తాగుతాయి. వీటి కింద నాచు, పైలియా అనే చిన్నాకుల మొక్క లాంటి తడి కోరేవి సర్దుకుంటాయి. చింత, సీమచింత, బోగన్‌విల్లియా మధ్యరకం. ఒక తడికీ ఇంకో తడికీ మధ్య పైమట్టి ఆరాలి. ముఖ్యంగా బోగన్‌విల్లియా కాస్త దాహంగా ఉంటేనే విరగబూస్తుంది. కింది మొక్క వాడిపోతోందని రోజూ నీళ్ళు పోశారా, ఆకులే వస్తాయి, పూలు రావు. జేడ్, అడీనియం అయితే ఒంట్లోనే నీళ్ళు దాచుకునే రకాలు, వాటికి తడి కోరే తోడు వద్దు. నేను పాటించే లెక్క ఒకటే. చెట్టు కన్నా ముందు వాడిపోయే మొక్కని దాని కింద పెట్టను. పెడితే నీళ్ళు ఎప్పుడు పోయాలో చెట్టు కాకుండా ఆ మొక్క నిర్ణయిస్తుంది.

మట్టి మొత్తం కప్పేయాలా, కొంత వదలాలా?

కొంత వదలండి. కాండం నేలని తాకే చోట వేళ్ళు నలువైపులా విచ్చుకుని కనిపిస్తాయి చూడండి, జపనీయులు దాన్ని నెబారి అంటారు. చెట్టుకి వయసు తెచ్చిపెట్టేది అదే. ఏళ్ళ తరబడి తయారుచేసిన నెబారిని నాచుతో కప్పెయ్యడం పట్టుచీర మీద దుప్పటి కప్పుకోవడం లాంటిది. కాండం చుట్టూ రెండు మూడు చేతివేళ్ళ వెడల్పు ఖాళీ ఉంచి, మిగిలిన మట్టిలో మూడోవంతు నుంచి సగం దాకా కప్పితే చాలు. అదీ గుండ్రంగా కాకుండా, వాన వెలిసిన నేలలా అక్కడక్కడా.

## ఏ మొక్క?

నాచు, పాచి ఒకటేనా? మా కుండీలో పచ్చగా జారుడుగా ఏదో వచ్చింది.

ఒకటి కాదు. జారుతుంటే అది పాచి. నాచుని దగ్గరగా చూస్తే చిన్న చిన్న ఆకులు, నిలువు కాడలు కనిపిస్తాయి, చేత్తో తాకితే మఖమల్‌లా ఉంటుంది. పాచి ఎండితే పొరలా గట్టిపడి, నీళ్ళు లోపలికి దిగకుండా పక్కకి జారిపోయేలా చేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో పైపొర గీకి తీసేసి, ఆ చోట కొంచెం కొత్త మట్టి చల్లండి. పాచి మళ్ళీ మళ్ళీ వస్తుంటే కుండీలో నీళ్ళు దిగడం లేదని అర్థం. అడుగు రంధ్రాలు చూడండి.

మన ఎండలకి నాచు బతుకుతుందా?

ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలంటే కష్టం, బతకడం మాత్రం బతుకుతుంది. మృగశిర కార్తెలో తొలి వానలతో మొదలై సంక్రాంతి దాటేదాకా నాచు కాలం. శివరాత్రి తర్వాత అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి పూర్తిగా ఎండి, కాలితే మిగిలిన కాగితంలా ముడుచుకుపోతుంది. చాలామంది చచ్చిపోయిందని గీకి పారేస్తారు. పారేయొద్దు. చాలా రకాల నాచుకి ఎండిపోయి నిద్రలోకి జారే గుణం ఉంది. నాలుగు వానలు పడేసరికి అదే చోట మళ్ళీ పచ్చబడుతుంది.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది. విశాఖలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి నీడలో మార్చి దాకా లాగొచ్చు. హైదరాబాదులో గాలి పొడి, ఫిబ్రవరికే వాడుతుంది. అనంతపురం వైపు అయితే వానాకాలం చుట్టం అనుకోవడమే. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకి ఈ బాధ చాలా తక్కువ. వాళ్ళు పంపే ఫొటోలు చూసి ఇక్కడ మేం కుళ్ళుకుంటాం.

ఎండకి ఎక్కువ తట్టుకునే రకం కావాలంటే పేవ్‌మెంట్ పగుళ్ళలో, పిట్టగోడ మీద పెరిగే పొట్టి నాచు వెతకండి. కొసలు వెండిలా తెల్లగా మెరుస్తాయి. శాస్త్రీయ నామం బ్రయం అర్జెంటియం. ఊళ్ళో ధూళి, ఎండ, జనం తొక్కిడి అన్నీ చూసి పెరిగింది కాబట్టి కుండీలో కూడా మొండిగా నిలుస్తుంది.

నాచు ఎక్కడ తెచ్చుకోవాలి? కొనాలా?

కొనక్కర్లేదు. ఏసీ నీళ్ళు కారే గొట్టం కింద, బాత్‌రూం వెనక ఉత్తరం గోడకి, పాత కాంపౌండు గోడ మొదట్లో వానాకాలంలో దొరుకుతుంది. తడిగా ఉన్నప్పుడు పుట్టీ పట్టితో పలచగా లేపితే అట్టులా వస్తుంది. ఎక్కడ తీశారో అలాంటి చోటే పెట్టండి. నీడగోడ నాచు ఎండలో నిలవదు, ఎండలోది పూర్తి నీడలో సన్నగా సాగిపోతుంది. శ్రీశైలం వెళ్ళినప్పుడు అడవిలోంచి తెద్దామనుకుంటే మానుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకురాకూడదు. పైగా అడవి చల్లదనంలో పెరిగింది మన మేడ మీద వారం ఉండదు.

బేబీ టియర్స్ అని కొన్నాను. నెల తిరక్కుండా కరిగిపోయింది. ఎందుకు?

అసలు బేబీ టియర్స్ పుట్టిల్లు మధ్యధరా సముద్రంలోని కోర్సికా, సార్డీనియా దీవులు. శాస్త్రీయ నామం సోలెయిరోలియా. దానికి చల్లదనం కావాలి. మన ఏప్రిల్ వేడికి, తడి మట్టికి కలిపి నల్లబడి గుజ్జయిపోతుంది. అయితే మన నర్సరీల్లో ఇదే పేరుతో పైలియా డిప్రెస్సా, టర్టిల్ వైన్ కూడా అమ్ముతారు. చీటీ నమ్మకండి, ఆకు చూడండి. ఆకు కాస్త దళసరిగా, అంచుల్లో చిన్న నొక్కులతో ఉంటే పైలియా. నీడలో మన దగ్గర నడుస్తుంది. ఆకు నున్నగా, కోసుగా, అడుగున ఊదారంగు ఉంటే టర్టిల్ వైన్. వేడికి తట్టుకుంటుంది కానీ తీగ సాగి నెలలో కుండీ అంతా కమ్మేస్తుంది. చిన్న బోన్సాయ్‌కి పెద్ద ఆకు కూడా.

గోడల వారన దానంతటదే మొలిచే చిన్నాకుల మొక్క వాడొచ్చా?

నర్సరీ కుండీల సందుల్లో, తడిగోడల మొదట్లో ఆవగింజంత ఆకులతో, నీళ్ళు నిండిన లేత కాడలతో మొలుస్తుంది. పైలియా మైక్రోఫిల్లా. పుప్పొడిని ఫట్‌మని చిమ్ముతుంది కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఫిరంగి మొక్క అన్నారు. ఉచితంగా దొరుకుతుంది, చూడ్డానికి బుల్లి ఫెర్న్ అడవిలా ఉంటుంది. ఫైకస్ కింద వాడొచ్చు. కానీ వారానికోసారి కత్తెరతో దించాలి.

దీనితో నేను ఒక చింతచెట్టు పోగొట్టుకున్నాను. పన్నెండేళ్ళ చెట్టు, వేళ్ళు రాతిని పట్టుకున్న పద్ధతిలో చేసింది. కింద పైలియా దట్టంగా అల్లుకుంటే మురిసిపోయి వదిలేశాను. మే నెలలో రోజూ పొద్దున్నే నీళ్ళు పోసేవాణ్ణి. పైన పచ్చగా, చేత్తో తాకితే చల్లగా ఉండేది. చింతాకు పగలే ముడుచుకోవడం మొదలైంది, ఎండకేమో అనుకున్నాను. ఆకు రాలాక కుండీలోంచి లేపి చూస్తే పైన వేలెడు మందం పైలియా వేళ్ళ చాప, దాని కింద చింత వేళ్ళున్న మట్టి ఇటుకలా ఎండిపోయి ఉంది. పోసిన నీళ్ళన్నీ చాప తాగేసింది, మిగిలినవి అంచుల్లోంచి జారిపోయాయి. అప్పటినుంచి పైలియాని అరచేయంత మేర దాటనివ్వను.

మోండో గ్రాస్ పెట్టొచ్చా? లాన్ గడ్డి?

పొట్టి రకం మోండో గ్రాస్ పెద్ద కుండీలకి బాగుంటుంది. నెమ్మదిగా పెరుగుతుంది, నీడకీ ఓర్చుకుంటుంది. మామూలు రకం జానెడు పైన పెరుగుతుంది, అది వద్దు. పొట్టిదానికీ వేళ్ళు బలమైనవే, దుంపల్లాంటి బుడిపెలుంటాయి. అందుకని నేను దాన్ని ఒక చిన్న ప్లాస్టిక్ మూతలో నాటి, ఆ మూతని మట్టిలో దించుతాను. ఇక కడియం నుంచి చాపల్లా తెచ్చే లాన్ గడ్డి బోన్సాయ్ కుండీలో వద్దే వద్దు. గరిక పొరపాటున వచ్చినా వెంటనే తీసెయ్యండి. వినాయకుడికి ఎంత ఇష్టమైనా చెట్టు వేళ్ళలోకి దూరిందంటే కుండీ విప్పితే గాని రాదు. తుంగ కూడా అంతే, పైన పీకితే కింద గడ్డ నవ్వుతుంది.

నీరుబ్రాహ్మి, సరస్వతి ఆకు లాంటివి? పచ్చడికి కూడా పనికొస్తాయి కదా.

పచ్చడికి వేరే కుండీలో పెంచుకోండి. సరస్వతి ఆకు బోన్సాయ్‌కి మరీ పెద్దది, తీగలు కణుపు కణుపుకీ వేళ్ళు దించుతాయి. నీరుబ్రాహ్మి ఆకు చిన్నదే, తెల్లపూలు ముద్దుగా ఉంటాయి, కానీ చిత్తడి నేల మొక్క. నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టిన ఫైకస్ కింద తప్ప మరోచోట నప్పదు. ఇంకో సంగతి, బోన్సాయ్‌కి పురుగుమందు కొడతాం. ఆ కుండీలోది నోట్లో పెట్టుకోకూడదు.

పులిచింత ఆకు దానంతటదే వచ్చింది, పచ్చగా బాగుంది. ఉంచేయనా?

తీసెయ్యండి. కాయ పండగానే పేలి గింజలు అడుగుల దూరం ఎగురుతాయి. ఒక కుండీలో ముచ్చటపడి ఉంచితే వచ్చే ఏడాది మేడంతా అదే. చాలా కుండీలున్న మా వీధివాళ్ళందరం ఈ పాపం చేసినవాళ్ళమే.

జేడ్, అడీనియం కింద ఏం పెట్టాలి?

ఏ మొక్కా వద్దు. సన్నని నదీగులకరాళ్ళో, ఎర్ర ఇటుక నలగ్గొట్టి జల్లించిన రవ్వో పలచగా పరచండి. నీలం, గులాబీ రంగులేసిన అక్వేరియం రాళ్ళు మాత్రం దయచేసి వద్దు.

## నాటేటప్పుడు

ఎప్పుడు నాటితే పట్టుకుంటుంది?

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా. కుండీ మార్చిన వెంటనే నాటాలనిపిస్తుంది కానీ ఆగండి. కొత్తగా వేళ్ళు కత్తిరించిన చెట్టుకి తడి ఎంత ఉందో రోజూ చూడాలి, పైన కప్పేస్తే తెలియదు. కొత్త చిగురు వచ్చాక, అంటే నెల నెలన్నర తర్వాత, నింపాదిగా పెట్టండి.

నాచు పెట్టే పద్ధతి ఏంటి? పెట్టిన ప్రతిసారీ అంచులు లేచిపోతున్నాయి.

నాచు అడుగున అంటుకున్న పాత మట్టిని బ్లేడుతో గీకి పలచన చెయ్యండి. కుండీలో పైమట్టి తడిపి, నాచు ముక్క పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కాలి. నాచుకీ మట్టికీ మధ్య గాలి మిగిలితేనే అంచు లేస్తుంది. కుండీ అంచు దగ్గర ముక్కని లోపలికి మడిచి దూర్చండి. ముక్కల సందుల్లో సన్నమట్టి చల్లి, స్ప్రేతో తడపండి. పదిహేను రోజులు నీడలో ఉంచాలి. మట్టి మరీ గరుకుగా, అంతా ఇటుక రవ్వే అయితే పైన ఒక పలచని పొర సన్నగా తరిగిన స్పాగ్నమ్ మాస్ (తడి పట్టి ఉంచే ఎండు నాచు) వెయ్యండి, పట్టు దొరుకుతుంది.

దొరికిన నాచు తక్కువైతే ఇంకో దారి ఉంది. ఎండబెట్టి, చేత్తో నలిపి, టీ వడపోసే జల్లెడలో పట్టి, ఆ పొడిని తడిమట్టి మీద చల్లండి. ఆరు వారాలు తడి ఆరకుండా చూస్తే పచ్చని నూగు మొదలవుతుంది. పరిచిన ముక్కల కన్నా ఇలా మొలిచింది ఆ కుండీకి బాగా అలవాటుపడుతుంది.

మజ్జిగలో నాచు వేసి మిక్సీ పట్టి పూస్తే మొలుస్తుందట, నిజమేనా?

నేనూ చేశాను. మొలిచింది బూజు, వచ్చినవి చీమలు. నాచుకి మజ్జిగతో పని లేదు, తడి, నీడ ఉంటే చాలు. మిక్సీ జారుకి ఇంట్లో పడ్డ తిట్లు అదనం.

## రోజూ చూసుకునేటప్పుడు

పైన పచ్చగా ఉంటే లోపల తడి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మసాలా లేని అగరబత్తి పుల్ల ఒకటి కుండీలో అడుగుదాకా గుచ్చి వదిలెయ్యండి. పొద్దున్నే తీసి పెదవికి ఆనించి చూడండి. చల్లగా, రంగు ముదిరి ఉంటే తడి ఉన్నట్టు. పొడిగా వస్తే నీళ్ళు పొయ్యండి. చిన్న కుండీలైతే ఎత్తి చూసినా బరువులో తేడా తెలిసిపోతుంది. పోసేటప్పుడు ఒక విడత పైపైన పోసి, రెండు నిమిషాలాగి, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా రెండో విడత పొయ్యండి. మొదటిది కింది మొక్కకి, రెండోది చెట్టుకి.

నాచు కొసలు తెల్లగా పొక్కులు కట్టినట్టయ్యాయి. జబ్బా?

జబ్బు కాదు, బోరు నీళ్ళ ఉప్పు. నాచు ఆకులతో తాగుతుంది, నీళ్ళు ఆవిరై ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. రాత్రంతా బకెట్లో నిలవుంచితే క్లోరిన్ పోతుంది కానీ ఈ ఉప్పు పోదు. స్ప్రే చెయ్యడానికి వాన నీళ్ళో, ఏసీ నుంచి కారే నీళ్ళో పట్టి వాడండి. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది.

ఎరువు వేస్తే నాచు మాడిపోతోంది. చెట్టుకి ఎరువు మానేయాలా?

మానొద్దు, వేసే తీరు మార్చండి. యూరియా, డీఏపీ గుళికలు నాచు మీద పడితే పడ్డచోటల్లా మచ్చ. వేపపిండి, వేరుశనగ చెక్క పొడి అయితే వాడేసిన టీ బ్యాగు గుడ్డలో మూటకట్టి, ఖాళీగా వదిలిన మట్టి మీద పెట్టండి. ద్రవం ఎరువు సగానికి సగం పలచన చేసి, సన్న మూతి ఉన్న సీసాతో నాచు లేని చోట పొయ్యండి.

## ఇబ్బందులు వచ్చినప్పుడు

కుండీ కదిపితే సన్నని నల్ల ఈగలు లేస్తున్నాయి.

మట్టి ఎప్పుడూ తడిగా ఉందని అవే చెబుతున్నాయి. వాటి పురుగులు కుళ్ళే ఆకులు, పాచి తింటాయి. రాలిన ఆకులు ఏరి, పైమట్టి రెండు రోజులు ఆరనివ్వండి, పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి. నీళ్ళ పళ్ళెం ఉంటే అది కూడా వారానికోసారి పారబొయ్యండి, దోమల బెడద తప్పుతుంది.

పిట్టలు నాచుని పీకి పారేస్తున్నాయి.

గోరింకలు పురుగుల కోసం తిరగేస్తాయి. బోన్సాయ్ తీగ ముక్కలు హెయిర్‌పిన్నులా వంచి నాచుకి గుచ్చండి. ఇరవై రోజుల్లో పట్టుకున్నాక తీసెయ్యొచ్చు.

నాచు కాండం మీదకి ఎక్కింది. పాతచెట్టులా కనిపిస్తోంది, ఉంచుకోవచ్చా?

ఫొటోకి బాగుంటుంది, బెరడుకి మంచిది కాదు. ఎప్పుడూ తడిగా ఉన్న బెరడు మెత్తబడుతుంది. చింత, బోగన్‌విల్లియా లాంటి గరుకు బెరడు చెట్లలో దాని కింద పురుగు చేరుతుంది. మెత్తని బ్రష్ తడిపి, పై నుంచి కిందికి నెమ్మదిగా తోమండి.

చెట్టు నీరసంగా ఉంది, పైన పురుగేం కనిపించడం లేదు.

కింది మొక్కని ఒక మూల లేపి చూడండి. వేళ్ళకి సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటే వేరు పిండినల్లి. చీమలు అదే పనిగా తిరుగుతుంటే అనుమానించాల్సింది దాన్నే. కింది మొక్క మొత్తం తీసి, మరో కుండీలో వెయ్యకుండా సంచిలో కట్టి పారేసి, చెట్టు వేళ్ళు కడిగి, కొత్త మట్టిలోకి మార్చండి. ఆ ఏడాదికి మట్టి ఖాళీగానే ఉండనివ్వండి. వానాకాలంలో అయితే మూల లేపినప్పుడు నత్తలు కూడా దొరుకుతాయి, చేత్తో ఏరెయ్యడమే.

## ప్రదర్శన, కుండీ మార్పు

వచ్చే వారం ప్రదర్శన. ఇప్పుడు నాచు పెడితే సరిపోతుందా?

ఒక వారం ముందు పెట్టినా చాలు, ప్రదర్శన అయ్యాక తీసేసి ట్రేలో దాచుకునేవాళ్ళే ఎక్కువ. రెండు మూడు రకాల నాచు కలిపి, కాండానికి దగ్గరగా పొట్టిది, అంచుల్లో కాస్త పొడుగుది పెడితే సహజంగా ఉంటుంది. ఒకే రకం ఒకే మందాన పరిస్తే టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచినట్టు తెలిసిపోతుంది.

చెట్టు కిందే పెట్టాలా? పక్కన చిన్న కుండీలో పెంచితే?

నన్నడిగితే మన వాతావరణానికి ఇదే మంచి దారి. జపాన్‌లో చెట్టు పక్కన అరచేతిలో పట్టే కుండీలో గడ్డో, ఫెర్నో, అడవిపూలో పెట్టి చూపడం పాత పద్ధతే, దాన్ని షితాకుసా అంటారు. చెట్టు నీళ్ళు చెట్టువి, మొక్క నీళ్ళు మొక్కవి. ఎండాకాలం మొక్క కుండీ ఒక్కటీ నీడకి జరుపుకోవచ్చు. పులిచింత మీద మరీ మోజుంటే, కాయ పండకముందే తుంచే ఓపిక ఉంటే, దానికీ ఇక్కడ చోటివ్వొచ్చు.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఈ లెక్కలు మాకూ వర్తిస్తాయా?

కాలాలు మీ ఊరి వాతావరణాన్ని బట్టి మార్చుకోండి. మేపుల్ లాంటి చలిదేశపు చెట్లు బయటే ఉంటాయి, వాటి కింద నాచు మంచుకి కూడా తట్టుకుంటుంది. ఫైకస్‌ని చలికాలం ఇంట్లోకి తెస్తారు, అక్కడ హీటర్ గాలికి నాచు మన మే నెలలోలాగే ఎండుతుంది. ఇంట్లోకి తెచ్చేముందు నాచు తీసి బయట నీడలో ఒక ట్రేలో ఉంచితే వసంతంలో మళ్ళీ పెట్టుకోవచ్చు.

కుండీ మార్చేటప్పుడు పాత నాచు మళ్ళీ వాడొచ్చా?

వాడొచ్చు. చెట్టు లేపేముందే చెంచాతో ముక్కలుగా తీసి, తడి న్యూస్‌పేపర్ మీద బోర్లించకుండా పరిచి నీడలో పెట్టండి. అడుగున గరిక ముక్కలు, తుంగ గడ్డలు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. గోధుమరంగుకి తిరిగిన ముక్కల్ని కూడా ఉంచండి. నా దగ్గర ఒక ట్రేలో మార్చి నుంచి ఎండిపడున్న నాచు జూలై రెండో వారంలో పచ్చబడింది, ఇప్పుడది జువ్విచెట్టు కింద ఉంది.